హెడర్స్ మార్చాక మిక్స్చర్ తేడా కొడితే
పెట్రోల్ ట్రక్కుకి హెడర్స్ (ఇంజిన్ నుంచి పొగ బయటికి తీసే పైపులు) వేశాక ప్లగ్గులు మసిబారుతున్నా స్కానర్ మాత్రం లీన్ (పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ) అంటుంటే, ఇంజెక్టర్ల జోలికి అప్పుడే వెళ్లడం తొందరపాటే. ముందు హెడర్స్ ఇంజిన్‌కి అతికే చోట ఉండే గ్యాస్కెట్ చూడండి. ఆక్సిజన్ సెన్సార్‌కి ముందు ఎగ్జాస్ట్ లీకుంటే అక్కడ బయటి గాలి లోపలికి లాగుతుంది. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) పాపం సెన్సార్ మాట నమ్మి పెట్రోల్ ఇంకా పోస్తుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే స్టార్ట్ చేసి టిక్‌టిక్ శబ్దం వస్తోందేమో వినండి, వేడెక్కితే ఆ సందు చాలాసార్లు మూసుకుపోతుంది.

ఫ్యూయల్ ట్రిమ్ (ఈసీయూ పెట్రోల్ ఎంత పెంచిందో, తగ్గించిందో స్కానర్‌లో చూపే శాతం) ఐడ్లింగ్‌లో +20 శాతం ఉండి, 2500 ఆర్పీఎం దగ్గర సున్నా వైపు దిగితే వాక్యూమ్ లీక్ (ఇంటేక్ వైపు గాలి దూరే సందు) వెతకండి. లోడ్ మీద పెరుగుతుంటే ఫ్యూయల్ లైనుకి ప్రెషర్ గేజ్ పెట్టాల్సిందే.

క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) కూడా మార్చారా? ఇంటేక్‌లో వాక్యూమ్ పడిపోతుంది, మ్యాప్ సెన్సార్ (ఇంటేక్‌లో ప్రెషర్ కొలిచేది) చూసే ఈసీయూ దాన్ని లోడ్ అనుకుని పెట్రోల్ పెంచుతుంది. అది ఈసీయూ ట్యూనింగ్‌తో తప్ప పోదు.