720720: నంబర్ సిస్టమ్ నాకు పట్టుబడింది ఈ ఒక్క సంఖ్యతోనే

ఎస్ఎస్‌సీ, రైల్వే పరీక్షలకు చదువుతున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. అమలాపురంలో మా రీడింగ్ రూమ్‌కి కొత్తగా వచ్చినవాళ్లు నంబర్ సిస్టమ్ అంటేనే టెన్షన్ పడతారు. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. వందల బిట్లు పైపైన చేసే బదులు ఒక పెద్ద సంఖ్యను పట్టుకుని దాని అంతు చూడండి. నేను పట్టుకున్నది 720720.

720 పక్కనే మళ్లీ 720 ఉంది. అంటే ఇది 720 × 1001. ఆ 1001ని వదలొద్దు, అది 7 × 11 × 13. మూడంకెల సంఖ్య దేన్నైనా పక్కపక్కన రెండుసార్లు రాస్తే ఈ మూడూ దాన్ని నిశ్శేషంగా భాగిస్తాయి. 358358 ఇచ్చినా పెన్ను ఎత్తక్కర్లేదు.

720ని కూడా విడగొడితే మొత్తం 2⁴ × 3² × 5 × 7 × 11 × 13. ఈ లైను రఫ్ పేపర్ పైన రాసుకుని, కింద ప్రశ్నలు నేనే వేసుకునేదాన్ని. సాయంత్రం కాలవ గట్టు మీద నడుస్తూ అవే నోటితో చేసేదాన్ని.

కారణాంకాలు ఎన్ని? ఒక్కో ఘాతాంకానికి ఒకటి కలిపి గుణిస్తే 5 × 3 × 2 × 2 × 2 × 2 = 240. సూత్రం అందరికీ వచ్చు. ఆ ఒకటి ఎందుకు కలుపుతామో తెలుసుకోండి. ఒక కారణాంకంలో 2 అసలు లేకపోవచ్చు, లేదా ఒకసారి నుంచి నాలుగుసార్ల దాకా ఉండొచ్చు. మొత్తం ఐదు దారులు. ఇది బుర్రకెక్కితే బేసి కారణాంకాలకు వేరే సూత్రం అక్కర్లేదు. 2ని ముట్టుకోకుండా లెక్కేస్తే 48, మిగిలిన 192 సరివి. పరిపూర్ణ వర్గాలైన కారణాంకాలు ఆరే: 1, 4, 9, 16, 36, 144. వాటిని చేత్తో రాసి సరిచూసుకున్నాక వచ్చిన ధైర్యం నాకు ఏ షార్ట్‌కట్ వీడియోలోనూ దొరకలేదు.

దీన్ని పరిపూర్ణ వర్గం చేయాలంటే? జత లేనివి 5, 7, 11, 13. కాబట్టి 5005తో గుణించాలి. వర్గమూలం 60060.

1 నుంచి 16 వరకు అన్ని సంఖ్యల క.సా.గు. కూడా ఇదే. మా ఫ్రెండ్స్‌కి అంబాజీపేట కొబ్బరికాయలతో లెక్క ఇచ్చేదాన్ని: రాశిని రెండేసి, మూడేసి, అలా పదహారేసి వరకు ఎలా పేర్చినా చివర ఒక కాయ మిగిలితే, రాశిలో కనీసం ఎన్ని కాయలు? 720721. ప్రతిసారీ ఒక కాయ తక్కువైతే 720719. 17తో భాగిస్తే మాత్రం 720720కి శేషం 5 వస్తుంది.

సిలబస్‌లో లేదు గానీ ఒకటి చెప్పాలి. 720720 కంటే చిన్న సంఖ్య దేనికీ 240 కారణాంకాలు లేవు. తనకంటే చిన్నవాటన్నిటి కన్నా ఎక్కువ కారణాంకాలున్న ఇలాంటి సంఖ్యల మీద రామానుజన్ 1915లో పెద్ద పరిశోధన పత్రమే ప్రచురించారు. ఇది తెలిశాక ఆ సంఖ్య మీద నాకు గౌరవం పెరిగింది.

ఇప్పుడు మీరు 510510 తీసుకోండి. మొదటి ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం అది. కారణాంకాలు మాత్రం 128 దగ్గరే ఆగిపోతాయి. ఎందుకో ఘాతాంకాలు చూసి చెప్పండి.