మిగిలిన సున్నం

గుణదల కొండ మెట్ల దగ్గర చెప్పులు విడిచేసరికి ఇంకా ఆరు కాలేదు, అప్పటికే చొక్కా వీపుకి అంటుకుపోయింది. ఏప్రిల్‌లో విజయవాడ అంటే అంతే మరి.

నేను క్రైస్తవుణ్ణి కాను. హైదరాబాదులో నాతో పనిచేసే స్నేహితుడిది గుంటూరు, లూథరన్ (ప్రొటెస్టంట్లలో ఒక శాఖ) కుటుంబం. "మా ఊళ్లో ఈస్టర్ చూడాలంటే చర్చికి కాదురా, సమాధుల తోటకి రావాలి" అని మూడేళ్లుగా ఊరిస్తున్నాడు. 2025లో కుదిరింది. గుడ్ ఫ్రైడే ఏప్రిల్ 18న, ఈస్టర్ 20న. ఏటా ఈ తేదీలు ఎందుకు మారతాయని రైల్లో అడిగాను. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి చూసుకుని, దాని వెనక వచ్చే ఆదివారం పండగ చేస్తారట. "చంద్రుణ్ణి చూసుకుని పండగ చేసేది మీరొక్కళ్లేననుకున్నావా?" అన్నాడు.

వాళ్లక్కని ఇచ్చింది విజయవాడలో, కేథలిక్కుల ఇంట్లో. అందుకని శుక్రవారం పొద్దున్నే బావగారు మమ్మల్ని గుణదల తీసుకొచ్చారు. 1924లో అర్లాటి అనే ఇటలీ ఫాదర్ ఇక్కడ మేరీమాత విగ్రహం పెట్టారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో జరిగే తిరునాళ్లకి ఇసకేస్తే రాలరు. తలనీలాలిస్తారు, కొబ్బరికాయలు కొడతారు. మావాడు లూథరన్ పద్ధతిలో ముఖం కాస్త బిగించి "ఇవేవీ మాకుండవు" అన్నాడు గానీ, కొండెక్కేటప్పుడు అందరికంటే ముందు అతనే ఉన్నాడు.

ఆ రోజు చేసేది సిలువ మార్గం. యేసుకి మరణశిక్ష వేసిన దగ్గర్నుంచి సమాధి చేసేదాకా పద్నాలుగు ఘట్టాలు. ఒక్కొక్కదాన్నీ 'స్థలం' అంటారు. ప్రతి స్థలం దగ్గరా ఆగి, మోకాళ్లూని ప్రార్థన చేసి, మళ్లీ నడక. మూడో స్థలంలో యేసు సిలువతో పడిపోతాడు. ఏడులో మళ్లీ పడతాడు. తొమ్మిదిలో మళ్లీ. నా ముందు ఒక ముసలామె ప్రతిచోటా మోకాళ్ల మీద కూర్చుని, లేవడానికి పక్కనున్న రాయి మీద అరచెయ్యి ఆనించి, రెండుసార్లు ఊగి, మూడో ఊపుకి లేచేది. తొమ్మిదో స్థలం దగ్గర లేవలేకపోయింది. చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. "ఉండు నాయనా, ఆయనా ఇక్కడ పడ్డాడుగా" అని కాసేపు అలాగే కూర్చుంది.

నాకు అక్కడే మెలిక పడింది. ఇదే ఊళ్లో ఇంద్రకీలాద్రి మీద దసరాకి మహిషాసురమర్దిని అలంకారం చూశాను. శూలం, దాని కింద రాక్షసుడు. ఎవరు గెలిచారో చంటిపిల్లాడికైనా తెలుస్తుంది. మా ఇంట్లో దీపావళికి నరకాసురుడి కథ చెప్పినా అంతే, చెడ్డవాడు చచ్చాడు, దీపాలు పెట్టండి. ఇక్కడేమో గెలవాల్సినవాడే మూడుసార్లు పడి, చివరికి చనిపోతాడు. మరి గెలుపేదీ?

మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా అక్కావాళ్లింటి దగ్గర ఒక చర్చిలో కూర్చున్నాం. సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు ప్రసంగిస్తారు. మనిషికి పాతిక నిమిషాలన్నారు గానీ మూడో ఆయన నలభై తీసుకున్నారు. ఏడో ఆయన వాచీ చూసుకుంటూనే మాట్లాడారు. ఉపవాసం కదా, నాకైతే మధ్యలో బయటికెళ్లి టీ తాగిన పాపం ఉంది. ఇంతలో రెండో మాట మాత్రం మనసులో ముల్లులా దిగబడింది. పక్క సిలువ మీద ఒక దొంగ. అతను అడిగింది ఒకే ఒక్క మాట, నన్ను గుర్తుంచుకో అని. దానికి జవాబుగా "నేడు నీవు నాతోకూడ పరదైసులో ఉందువు" అంటాడు యేసు. పరదైసంటే స్వర్గం. జీవితమంతా కొంపలు ముంచి, చివరి గంటలో ఒక్క మాటతో సరిపోతుందా? దోచుకున్నవాళ్ల సొమ్ము సంగతేంటి?

ఈ ప్రశ్నతో సాయంత్రం గుంటూరు బస్సులో మావాడి బుర్ర తిన్నాను. క్రైస్తవ వేదాంత కళాశాలలో రెండేళ్లు చదివి మానేసిన మనిషి, ఊరుకుంటాడా? 'విమోచన' అంటే వెల కట్టి విడిపించడం అన్నాడు. సువార్తలో ఉన్న మాటే 'విమోచన క్రయధనం'. మరి ఆ ధనం ఎవరికి కట్టినట్టు? సాతానుకే అన్నారు తొలి శతాబ్దాల్లో కొందరు. ఇంగ్లండులో ఆర్చిబిషప్పుగా ఉన్న అన్సెల్మ్ పదకొండో శతాబ్దం చివర్లో దాన్ని ఒప్పుకోలేదు. సాతానుకి బాకీ ఏమిటి, మనిషి పడ్డ బాకీ దేవుడికే అన్నాడు. ఇరవయ్యో శతాబ్దంలో స్వీడన్ లూథరన్ పండితుడు గుస్తాఫ్ అవులేన్ వచ్చి, ఇది లెక్కల వ్యవహారం కాదు, యుద్ధం, పాపం మీదా మరణం మీదా క్రీస్తు గెలిచిన యుద్ధం, పాతవాళ్లు చెప్పిందీ అదే అన్నాడు.

అప్పటికి బస్సు వారధి మీదకొచ్చింది. కింద కృష్ణలో నీళ్లకంటే ఇసకే ఎక్కువుంది. ఒక పాయ పక్కన ఎవరో గాలం వేసుకు కూర్చున్నారు. "అదిగో, నిస్సా ఊరి బిషప్పు గ్రెగరీ నాలుగో శతాబ్దంలో చెప్పింది అదే" అన్నాడు మావాడు. మనిషి శరీరం ఎర. దాని లోపల దైవత్వం గాలపు కొక్కెం. మామూలు మనిషే కదా అని మృత్యువు మింగింది, గొంతులో ఇరుక్కుంది. ఆ పోలిక నాకు నచ్చింది. దొంగ గురించి అడిగిందానికి మాత్రం జవాబు కాదు. ఆ మాటే అంటే, "మా అమ్మనడుగు" అని కిటికీకి తల ఆనించి నిద్రపోయాడు. మంగళగిరి దాటింది కూడా తెలియలేదతనికి.

గుంటూరులో లూథరన్ల కథ 1842 జులై 31న మొదలైంది. అమెరికా నుంచి వచ్చిన హయ్యర్ అనే పాస్టరు ఆ రోజు ఊళ్లో దిగారు. మేం దిగేసరికి పెద్దమ్మ (వాళ్లమ్మగారిని నేనలాగే పిలుస్తాను) పెరట్లో బకెట్ ముందు పీట వేసుకుని కూర్చుంది. రాతి సున్నం మీద నీళ్లు పోస్తోంది. గడ్డలు బుసబుసమని పగిలి కుతకుత ఉడికాయి. "దూరంగా ఉండు నాన్నా, కంట్లో పడుద్ది" అంది. కాస్త చల్లారాక గుప్పెడు ఉప్పు వేసింది, గోడకి పట్టుకోవాలని. చిటికెడు నీలిమందు వేసింది, తెలుపు తేలాలని. పొద్దుటికి వెన్నలా అవుతుందట.

విమోచన సంగతి అడిగితే నవ్వింది. "దానికి అంత చదువెందుకురా? తాకట్టులో ఉన్న గొలుసు విడిపించుకోవడమే. గొలుసు తనంతట తాను రాలేదుగా. ఎవరో వెళ్లి డబ్బు కట్టాలి." అంతకంటే ఏమీ అనలేదు. ఆ పూట ఇంట్లో పెరుగన్నమే.

శనివారం పొద్దున్నే సున్నం బకెట్లు, కుంచెలు పట్టుకుని సమాధుల తోటకి వెళ్లాం. అక్కడ ఊరంతా ఉంది. ఒకళ్లు గడ్డి పీకుతున్నారు, ఒకళ్లు అక్షరాల్లో నల్లరంగు నింపుతున్నారు, పిల్లలు సమాధుల మీంచి దూకి తిట్లు తింటున్నారు. పెదనాన్నగారి సమాధి మీద "మంచి పోరాటము పోరాడితిని" అని చెక్కి ఉంది. పెద్దమ్మ అక్షరాల మీద సున్నం పడకుండా చీరకొంగుతో తుడుచుకుంటూ రెండు పూతలు వేసింది. ఆ పక్కనే ఇంకో సమాధి ఉంది. సిమెంటు పెచ్చులూడి, పేరు రాయి సగం విరిగిపోయింది. అడగకుండానే దానికీ వెయ్యడం మొదలుపెట్టింది.

"అదెవరిది పెద్దమ్మా?"

"మా మరిదిది. సున్నం మిగిలిందిగా, పారబోస్తామా?"

తిరిగొచ్చేటప్పుడు మావాడు చెప్పాడు. వాళ్ల నాన్నగారు మిర్చి కొని యార్డులో అమ్మేవారు. ఒక ఏడు ధర పడిపోయి పెద్దమ్మ నాలుగు కాసుల గొలుసు తాకట్టు పెట్టారు. మూడేళ్లు కూడబెట్టి, విడిపించుకు రమ్మని డబ్బు మరిది చేతికిచ్చింది. అతను దాన్ని పేకాటలో పోగొట్టి, విడిపించాను, లాకర్లో పెట్టాను అని ఏడాదిపాటు నమ్మించాడు. గొలుసు వేలంలో పోయింది. అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయి. చివరి రోజుల్లో ఆసుపత్రి నుంచి వదినకి కబురు పెట్టాడు. పెద్దమ్మ వెళ్లింది. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. అతని పిల్లలు ఊరు విడిచి ఎటో వెళ్లిపోయారు, సమాధి చూసే దిక్కు లేదు.

ఆదివారం నాలుగింటికి లేపారు. ఆకాశంలో సగం చంద్రుడు ఉన్నాడు. తోట దగ్గరికి వచ్చేసరికి చీకట్లో వందల కొవ్వొత్తులు, మల్లెపూల దండలు, పైన మిర్చి ఘాటు కలిసిన గుంటూరు గాలి. ముందు రోజు వేసిన సున్నం ఆ వెలుతురులో నీలంగా మెరుస్తోంది. మైకులో పాస్టరుగారు యేసు శిష్యురాలు మగ్దలేనే మరియ కథ చదివారు. సమాధి ఖాళీగా ఉంటే ఆమె ఏడుస్తూ నిలబడింది. ఎదురుగా వచ్చిన యేసునే పోల్చుకోలేక, తోటమాలి అనుకుంది. గెలిచినవాడు కిరీటంతో రాలేదు, తోటమాలి అనుకునేలా వచ్చాడు. తర్వాత అందరూ కలిసి "ఓ మరణమా, నీ విజయమెక్కడ?" అన్నారు. సమాధుల మధ్య నిలబడి, అంత తాపీగా. నాకు వెన్ను జలదరించింది.

పెద్దమ్మ పెదనాన్నగారి సమాధి మీద ఆరు కొవ్వొత్తులు వెలిగించింది. పక్కదాని మీద ఒకటి. గాలికి అది ఆరిపోయింది. మళ్లీ వెలిగించింది, మళ్లీ ఆరింది.

"కోపం పూర్తిగా పోయిందా పెద్దమ్మా?" ఉండబట్టలేక అడిగేశాను.

"ఎక్కడ పోద్ది నాన్నా? ఏటేటా సున్నం వేసేటప్పుడు రెండు తిట్లు తిట్టుకుంటాను. నిన్నా తిట్టాను." చెయ్యి అడ్డం పెట్టి గాలి ఎటునుంచి వస్తోందో చూసింది. "కాస్త ఇటొచ్చి అడ్డంగా నిలబడు. ఆ అగ్గిపెట్టె ఇలా ఇయ్యి."