నాన్నకు టీకాలు వేయించేసరికి

నాన్నకు 68 ఏళ్లు. షుగరు ఉంది, బీడీలు మానేసినా ఆయాసం వదల్లేదు. ఫ్లూ టీకా, న్యుమోనియా టీకా రెండూ వేయించమని కడపలో మేము ఎప్పుడూ చూపించుకునే డాక్టరు గారు చీటీ రాశారు. ఆరోగ్య కేంద్రంలో అడిగితే, ‘‘పెద్దవాళ్లకు ఇవి సర్కారు సరఫరా చేయదమ్మా, బయట కొనుక్కోవాలి’’ అని నర్సమ్మ మర్యాదగానే చెప్పింది. న్యుమోనియా టీకా పసిపిల్లలకు అక్కడ ఉచితమే. 65 దాటినవాళ్లకూ ఇచ్చి తీరాలని నా వాదన.

అవమానమంతా మందుల షాపులో జరిగింది. యజమాని ఫ్రిజ్ తెరిచి, ఐసు అరకు అతుక్కుపోయిన డబ్బాను గోటితో గీకి ఊడదీశాడు. అట్ట నిండా మంచు. సిరంజిలో మందు గడ్డకట్టి ఉంది. టీకా 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలని, ఒకసారి గడ్డకడితే కరిగించినా పనికిరాదని డాక్టరు గారు ముందే చెప్పారు. ఆ మాటే అన్నాను.

‘‘ఎంత చల్లగా ఉంటే అంత మంచిది. నువ్వేమన్నా డాక్టరమ్మవా?’’ అని అందరి ముందూ అరిచాడు. పక్కనున్నవాళ్లు నవ్వారు. ‘‘పోనీలేమ్మా, ఇచ్చింది తీసుకో’’ అంటూ నాన్న నా చెయ్యి పట్టి లాగాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, కానీ కదల్లేదు. గడ్డకట్టనివ్వరాదని డబ్బా మీదే ఉన్న హెచ్చరికను గట్టిగా చదివి వినిపించాను. నవ్వులు ఆగాయి. అతను డబ్బా లాక్కుని మళ్లీ అదే ఫ్రిజ్‌లో పెట్టాడు!

ఏడు రోడ్ల దగ్గర ఇంకో షాపులో ఫ్రిజ్‌కు థర్మామీటరు ఉంది. ఐసు నేరుగా తగలకుండా కాగితం చుట్టి, థర్మాకోల్ పెట్టెలో పెట్టి ఇచ్చారు. కడప ఎండలో అలా తప్ప తీసుకెళ్లకండి. గడువు తేదీ చూడండి, బ్యాచ్ నంబరు చీటీ మీద రాయించుకోండి. ఫ్లూ వైరస్ మారుతూ ఉంటుంది కాబట్టి ఆ టీకా ఏటా వేయించాలి.

డాక్టరు గారు ఒకే పూట రెండు చేతులకూ రెండు టీకాలు వేశారు. నాన్నకు జ్వరం కూడా రాలేదు.

ఆ గడ్డకట్టిన టీకాను ఎవరి అమ్మకు, ఎవరి నాన్నకు అంటగట్టాడో! షాపు పేరుతో సహా ఔషధ తనిఖీ అధికారులకు ఫిర్యాదు రాసి పంపాను.