గేటు కారుతోందా, మీటరు తప్పా

మైటోకాండ్రియాను 'కణం పవర్ హౌస్' అని బడి పుస్తకాల్లో రాసినవారి మీద నాకు చిన్న కోపం ఉంది. మా నాన్నకైతే ఇంకా ఎక్కువ. ఆయన నాగార్జునసాగర్ జలవిద్యుత్ కేంద్రంలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యారు. "పవర్ హౌస్‌లో ఏముంటుందమ్మా, యంత్రాలు. బలమంతా ఆనకట్ట వెనక నీళ్లది" అంటారు.

బ్రిటిష్ జీవరసాయన శాస్త్రవేత్త పీటర్ మిచెల్ 1961లో చెప్పిందీ దాదాపు ఇదే. తిన్న తిండి నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌ను చేరేలోపు, మైటోకాండ్రియా లోపలి పొర ప్రోటాన్లను బయటికి తోడిపోస్తుంది. అవి తిరిగి లోపలికి వచ్చే దారిలో టర్బైను లాంటి ఎంజైమ్ ఉంటుంది; అది తిరిగితే ఏటీపీ, అంటే కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తి సరుకు, తయారవుతుంది. మొదట్లో చాలామంది నమ్మలేదు. 1978లో నోబెల్ ఇచ్చారు. ఆ ఎంజైమ్ వెనక్కీ తిరుగుతుందని, అప్పుడు ఏటీపీని ఖర్చుపెట్టి ప్రోటాన్లను తోడుతుందని చెబితే నాన్న ఏమాత్రం ఆశ్చర్యపోలేదు. సాగర్ ప్రధాన కేంద్రంలో ఎనిమిది యూనిట్లుంటే ఏడు అలాంటివే. అటు తిరిగితే కరెంటు, ఇటు తిరిగితే పంపు.

కొవ్వు ఎక్కువ తిన్న ఎలుకల కాలేయంలో ఈ ఆనకట్ట ఎంత కారుతోందో కొలవడం నా పని.

పని అంతా మంచులోనే. కాలేయాన్ని చల్లని చక్కెర ద్రావణంలో నెత్తురు పోయేదాకా కడిగి, కత్తెరతో ముక్కలు చేసి, గాజు గొట్టంలో టెఫ్లాన్ రోకలితో నూరాలి. బలంగా నూరితే మైటోకాండ్రియా పగులుతాయి, మెత్తగా నూరితే కణాలే పగలవు. ఎన్ని దెబ్బలు వేయాలో ఏ పుస్తకమూ చెప్పదు, మణికట్టుకు తెలియాలి. సెంట్రిఫ్యూజ్‌లో రెండోసారి వేగం పెంచి తిప్పాక అడుగున లేత గోధుమరంగు మడ్డి చేరుతుంది. దాని మీద మీగడలా పలచని పొర ఒకటి, అవి దెబ్బతిన్నవి. గొట్టాన్ని మెల్లగా ఆడించి దాన్ని ఒంపేయాలి. అక్కడి నుంచి నాలుగైదు గంటలే గడువు.

తరువాత ఆక్సిజన్ ఎలక్ట్రోడ్, ద్రావణంలో ఆక్సిజన్ ఎంత తగ్గుతోందో చూపే మీటరు. దాని చిన్న ప్లాస్టిక్ గదిలో మైటోకాండ్రియా వేసి, ఏటీపీకి ముడిసరుకైన ఏడీపీ చుక్క కలిపితే తెర మీద ఆక్సిజన్ గీత ఒక్కసారిగా కిందికి జారుతుంది. ఏడీపీ అయిపోగానే వాలు తగ్గి దాదాపు పడుకుంటుంది. ఆ రెండు వాలుల నిష్పత్తే మా రోజు ఎలాంటిదో చెబుతుంది. ఐదు దాటితే ఆ పూట కాఫీ కూడా రుచిగా ఉంటుంది.

మామూలు తిండి ఎలుకలకు ఐదు దాటింది. కొవ్వు తిన్నవాటికి మూడు కూడా రాలేదు. ఏడీపీ అయిపోయినా గీత పడుకోవడం లేదు, అంటే పొర కారుతోంది. రెండు వారాలు వరుసగా అదే. నేను మనసులో పరిశోధన పత్రానికి శీర్షిక కూడా పెట్టేసుకున్నాను.

ఆదివారం ఫోనులో చెబితే నాన్న అడిగిన ప్రశ్న ఒక్కటే. "గేటు కారుతోందా, మీటరు తప్పు చూపిస్తోందా? ముందు అది తేల్చుకున్నావా?"

కాస్త చిరాకేసింది. అయినా సోమవారం మీటరును పక్కనపెట్టి వేరే దారిలో లెక్క చూశాను. ఏడీపీకి ఫాస్ఫేట్ కలిపి మైటోకాండ్రియా ఏటీపీ చేస్తున్నకొద్దీ ద్రావణంలో ఫాస్ఫేట్ తగ్గుతుంది. మిగిలినదాన్ని నీలిరంగు తెప్పించి కొలిచే పద్ధతి 1925లో ఫిస్క్‌తో కలిసి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఇచ్చిందే. ఏటీపీని 1929లో హార్వర్డ్ నుంచి ప్రకటించిందీ ఆ ఇద్దరే. అదే ఏడు జర్మనీలో లోమాన్ కూడా కనుగొన్నాడు. కొత్త గాజు గొట్టాల్లో చేశాను. రెండు రకాల ఎలుకలకూ నీలం ఒకేలా వచ్చింది.

అప్పుడు నోట్‌బుక్ తిరగేశాను. ప్రతిరోజూ మామూలు ఎలుక ముందు, కొవ్వు ఎలుక తరువాత. ప్రతి కొలత చివరా ఎఫ్‌సీసీపీ కలుపుతాం. టర్బైనుతో పనిలేకుండా ప్రోటాన్లను లోపలికి వదిలేసే మందు అది. 1930లలో అమెరికాలో బరువు తగ్గాలని కొందరు మింగిన డైనైట్రోఫినాల్‌దీ ఇదే పద్ధతి. ఆ వేడికి ఒళ్లు కాలిపోయి చనిపోయినవారున్నారు. ఎఫ్‌సీసీపీ నీళ్లకు పోదు, ప్లాస్టిక్‌ను అంటుకుని ఉంటుంది. ఆల్కహాల్‌తో పదేపదే కడగాలి. గడువు ముంచుకొస్తోందని నేను మధ్యలో నీళ్లతో మూడుసార్లు తొలిచి వదిలేసేదాన్ని. రాత్రంతా ఆల్కహాల్‌లో నానిన శుభ్రమైన గది మామూలు ఎలుకకు, ఎఫ్‌సీసీపీ మిగిలిన నా మురికి గది కొవ్వు ఎలుకకు.

మా మేడమ్‌కు చెప్పడానికి ఒక పూట పట్టింది. ఆమె నవ్వలేదు, తిట్టలేదు. "ఎవరిది ముందో రోజూ నాణెం ఎగరేసి నిర్ణయించు" అని, ఆల్కహాల్ సీసా నా బల్ల మీద పెట్టి వెళ్లారు.

ఇప్పటికి ఆరు జతలయ్యాయి. తేడా దాదాపు మాయమైంది. నిన్న కొవ్వు ఎలుకకే 5.2 వచ్చింది.

"అయితే కారడం లేదన్నమాట" అన్నారు నాన్న, సంతోషంగా. ఆయనకు గేటు కారకపోవడం ఎప్పుడూ శుభవార్తే. నా పత్రం సంగతి ఆయనకు ఇంకా చెప్పలేదు.