స్పానిష్ లాగ్: ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్, రెగ్యులర్ క్రియలతో

ఈ మధ్య వేరేవన్నీ ఆపేసి ఇంపర్‌ఫెక్ట్ సబ్జంక్టివ్ (ఊహ, కోరిక లాంటివి గతంలో పెట్టి చెప్పే క్రియారూపం) మీదే కూర్చున్నా. రూపాలు కట్టే పద్ధతి చాలా బాగా నచ్చింది. ప్రెటెరిట్‌లో (అయిపోయిన పని చెప్పే భూతకాలం) 'వాళ్లు' రూపం తీసుకుని, చివరి 'రోన్' కొట్టేసి 'ర' పెడితే చాలు. అబ్లారోన్ (మాట్లాడారు) అబ్లార అవుతుంది, కొమ్యేరోన్ (తిన్నారు) కొమ్యేర, బిబ్యేరోన్ (నివసించారు) బిబ్యేర. 'నువ్వు'కి రస్, 'మేము'కి రమోస్, 'వాళ్లు'కి రన్. 'నేను', 'అతను' రెండింటికీ ఒకటే రూపం కాబట్టి ఎవరి గురించో తెలియకపోతే యో, ఎల్ లాంటివి చేర్చాలి. ప్రెటెరిట్ నోటికి రాకుండా మాత్రం దీని జోలికి రాకండి, మొత్తం దాని మీదే నిలబడి ఉంది.

పలకడంలో జాగ్రత్త పడాల్సింది ఒత్తు దగ్గర. అబ్లార అని మధ్యలో ఒత్తితే సబ్జంక్టివ్, అబ్లరా అని చివర ఒత్తితే 'మాట్లాడతాడు' అనే భవిష్యత్తు. అందుకే పైకి చదువుతూనే రాస్తున్నా.

ఎక్కువ సమయం తీసుకున్నది 'సి' వాక్యాలు, అంటే మన '-తే' లాంటి షరతు వాక్యాలు. మనకు 'టైముంటే చదువుతాం', 'టైముంటే చదివేవాళ్లం' రెండింట్లోనూ 'ఉంటే' మారదు, తేడా అంతా చివరి క్రియలోనే తెలుస్తుంది. స్పానిష్‌లో రెండు వైపులా మారాలి: సి త్రబహారమోస్ మేనోస్, ఎస్తుద్యరీఅమోస్ మాస్, అంటే తక్కువ పని చేస్తే ఎక్కువ చదివేవాళ్లం. 'రీఅ' ఉన్న కండిషనల్ ('చదివేవాళ్లం' లాంటి రూపం) ఫలితం చెప్పే ముక్కలోనే రావాలి, ప్రామాణిక భాషలో అది 'సి' పక్కకు రాదు. ఈ ఒక్కటి గట్టిగా పట్టుకుంటే సగం టెన్షన్ పోతుంది. 'కోమో సి' (అన్నట్టు) తర్వాత ఇంకా సులువు, అక్కడ వర్తమాన సబ్జంక్టివ్ రానే రాదు: అబ్ల కోమో సి బిబ్యేర అకీ, ఇక్కడే ఉంటున్నట్టు మాట్లాడతాడు.

నాకు బాగా పనికొచ్చిన ప్రాక్టీస్ ఏంటంటే, పాత నోట్సులోని వర్తమాన సబ్జంక్టివ్ వాక్యాలు తీసి, ముందున్న క్రియను గతంలోకి మార్చి కింద లైన్లో రాయడం. కియేరె కె అబ్లెస్ (నువ్వు మాట్లాడాలని కోరుకుంటోంది) కింద కెరీఅ కె అబ్లారస్ (కోరుకుంది). ఒకదాని కింద ఒకటి ఉంటే గతం ఎలా లాక్కొస్తుందో కంటికే కనిపిస్తుంది.

అబ్లాసె, కొమ్యేసె అనే 'సె' రూపాలు కూడా ఉన్నాయి, అర్థం అదే. మాటల్లో 'ర' రూపాలే ఎక్కువ కాబట్టి 'సె'ని చదివినప్పుడు గుర్తుపడితే చాలనుకుంటున్నా. తర్వాత ఇర్రెగ్యులర్ క్రియలు. వాటికీ 'రోన్' తీసేసే సూత్రమే, తుబ్యేరోన్ నుంచి తుబ్యేర. అందుకని ముందు వాటి ప్రెటెరిట్ రూపాలు కంఠస్థం చేస్తున్నా.