లైసెన్సు సులువే, తుపాకీ షాపు కౌంటరే నరకం: టెక్సస్‌లో నా అనుభవం

నిన్న మధ్యాహ్నం పోస్టులో టెక్సస్ డీపీఎస్ (రాష్ట్ర ప్రజాభద్రతా శాఖ) వారి 'లైసెన్స్ టు క్యారీ', అంటే పిస్టల్ వెంట ఉంచుకునే లైసెన్సు, కార్డు వచ్చింది. కోపం చల్లారకముందే రాసేస్తున్నాను. గ్యాస్ స్టేషన్లూ మోటళ్ళూ నడుపుకుంటున్న మనవాళ్ళ ఇళ్ళల్లో ఆడవాళ్ళకి ఇది ఉపయోగపడాలి. నాకు జరిగింది వాళ్ళకి జరగకూడదు.

హ్యూస్టన్ ఊరి బయట హైవే మీద మాకో స్టోరుంది. రాత్రి క్యాషు లెక్క చూసుకుని తాళాలు వేసేది ఎక్కువగా నేనే. పోయిన చలికాలం ఇదే రోడ్డు మీద ఇంకో స్టోరులో పనిచేసే తెనాలి కుర్రాణ్ణి, గల్లాపెట్టె తెరిచి ఇచ్చేశాక కూడా కొట్టి పడేసి పోయారు. డబ్బిచ్చేస్తే వదిలేస్తారన్న ధైర్యం నాకు ఆ రోజుతో పోయింది.

ముందు ఒక హెచ్చరిక. హెచ్1బీ, ఎఫ్1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడం కూడా ఫెడరల్ నేరం. హంటింగ్ లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది గానీ, లాయరుని అడక్కుండా ఆ జోలికి పోకండి. గ్రీన్ కార్డు ఉంటే కొనొచ్చు. టెక్సస్‌లో 2021 సెప్టెంబరు 1 నుంచి, 21 ఏళ్ళు నిండి చట్టప్రకారం ఏ అడ్డూ లేనివాళ్ళు లైసెన్సు లేకుండానే పిస్టల్ వెంట ఉంచుకోవచ్చు. అయినా నేను తీసుకున్నాను. వేరే చాలా రాష్ట్రాల్లో చెల్లుతుంది, తర్వాత ఇంకోటి కొనేటప్పుడు ఎఫ్‌బీఐ వాళ్ళ పాత నేరాల చెకింగు కోసం కూర్చోనక్కర్లేదు, అన్నిటికంటే ముఖ్యంగా ఒక క్లాసు ఉంటుంది. ఆన్‌లైన్‌లో దరఖాస్తు, 40 డాలర్ల ఫీజు, వేలిముద్రలు. కాగితాల పని అంతే.

ఇక షాపు సంగతి.

మా ఇంటికి దగ్గర్లో పెద్ద పేరున్న తుపాకీ షాపుంది. పేరు రాయను. నేనూ మా ఆయనా కలిసి వెళ్ళాం. కౌంటరు వెనకున్న పెద్దమనిషి ఆయన్ని 'సర్' అన్నాడు, నన్ను 'హనీ' అన్నాడు. తుపాకీ కావలసింది నాకు, అడిగింది నేను, డబ్బు కట్టేది నా కార్డుతో. అయినా జవాబులన్నీ మా ఆయన ముఖం చూసే చెప్పాడు. ఆయన పాపం ప్రతిసారీ నా వైపు చెయ్యి చూపించి, "కొనేది ఆవిడ, ఆవిడకి చెప్పండి" అన్నాడు. ఒక్క నిమిషం నా వైపు తిరిగేవాడు, మళ్ళీ మామూలే.

నేనడిగింది ఒక్కటే: "స్టోరులో నా మీదకి ఎవరైనా కత్తితోనో తుపాకీతోనో వస్తే ఆపడానికి ఏది పనికొస్తుంది?" దానికి అతను స్టాపింగ్ పవర్ (తగిలినవాణ్ణి అక్కడికక్కడే ఆపే బలం) మీద ఉపన్యాసం మొదలుపెట్టాడు. పాయింట్ 45 అంగుళాల వెడల్పు తూటా ఒక్కటి తగిలితే చాలట, మనిషి వెనక్కి ఎగిరి పడతాడట. 9 ఎంఎం తూటా అయితే రెండో మూడో కాల్చాల్సి వస్తుందట. ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యంతో పోరాడిన మోరో యోధులు పాయింట్ 38 తగిలినా ఆగలేదు కాబట్టే అమెరికా సైన్యం 1911లో పాయింట్ 45 పిస్టల్ తీసుకుందట. ఇంత చెప్పి, "కానీ సర్, మేడమ్ చేతులు దాన్ని తట్టుకోలేవు" అని నా ముందు గులాబీ రంగు పిడి ఉన్న బుల్లి రివాల్వర్ పెట్టాడు. పొట్టి గొట్టం, అయిదు తూటాలు, అరకిలో కూడా ఉండదు. ఆడవాళ్ళందరూ ఇదే కొంటారన్నాడు.

ఖాళీదే కదా, ట్రిగ్గర్ లాగి చూస్తానన్నాను. అలాంటి రివాల్వర్‌కి వెనకుండే సుత్తిని ముందుగా వెనక్కి లాగి పెట్టుకోకుండా నేరుగా ట్రిగ్గర్ నొక్కితే సుమారు 12 పౌన్ల బరువు లాగాలి. తుపాకీ బరువుకన్నా ట్రిగ్గర్ మీద లాగాల్సిన బరువు ఎన్నో రెట్లు. సగం లాగేసరికి గొట్టం మూతి పక్కకి తిరిగింది. అలవాటు లేని ఎవరికైనా తిరుగుతుంది, దాని తయారీయే అంత. అతను పకపకా నవ్వి, "సర్, మేడమ్‌కి ఒక కుక్కని కొనిపెట్టండి" అన్నాడు. వెనక వరసలో నిలబడ్డ ఇద్దరు కూడా నవ్వారు.

రోజూ ఐసు మూటలూ, కూల్ డ్రింకు కేసులూ ఎత్తి ఫ్రిజ్‌లో సర్దే చేతులు నావి. నా కష్టంతో నిలబెట్టిన స్టోరుని కాపాడుకోవడానికి వెళ్ళినదాన్ని. ఎదురు మాట అందామంటే గొంతు పెగల్లేదు. మా ఆయనే "థాంక్యూ, మాకొద్దు" అని నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాడు. కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు. రాత్రి నిద్ర పట్టలేదు. అవమానం ఒకటయితే, అసలు విషయం తేలకపోవడం ఇంకొకటి. పెద్ద తూటా నాకు చేతకాదన్నాడు, చిన్నది పనికిరాదన్నాడు. మరి నేనేం చెయ్యాలి?

దారి చూపించింది క్లాసు చెప్పిన ఆవిడ. షెరీఫ్ ఆఫీసులో (కౌంటీ పోలీసులు) పనిచేసి రిటైరయ్యారు, మనిషి నాకన్నా పొట్టి. ఆవిడ మొట్టమొదట అన్నమాట: చేతిలో పట్టే తుపాకీలకి స్టాపింగ్ పవర్ అనేది నమ్ముకోదగ్గది కాదు. తగిలినవాణ్ణి వెనక్కి విసిరేసేంత బలం తూటాలో ఉంటే, కాల్చిన మనిషినీ అంతే బలంతో వెనక్కి విసిరెయ్యాలి కదా. స్కూల్లో చదువుకున్న న్యూటన్ మూడో సూత్రమే. 9 ఎంఎం తూటాకీ పాయింట్ 45 తూటాకీ వెడల్పులో తేడా రెండున్నర మిల్లీమీటర్లు. ఆ కాస్త తేడాకి మనుషులు ఎగిరిపడరు.

మనిషి మూడు రకాలుగా ఆగుతాడని చెప్పారావిడ. ఒకటి, భయపడి ఆగుతాడు. తుపాకీ చూడగానే పారిపోయేవాళ్ళు చాలామంది. కానీ తాగినవాడో మత్తులో ఉన్నవాడో భయపడకపోవచ్చు, దాన్ని నమ్ముకోలేం. రెండోది, మెదడుకో వెన్నుపాముకో తగిలితే అక్కడికక్కడే ఆగుతాడు. కదిలే మనిషి మీద, చేతులు వణుకుతుండగా అంత చిన్న చోట కొట్టడం ఎవరికైనా కష్టం. మూడోది, రక్తం పోయి ఆగుతాడు. గుండెకే తగిలినా మెదడులో మిగిలిన ఆక్సిజన్‌తో 10, 15 సెకన్లు అతను కావాలనుకున్నది చెయ్యగలడు. మా స్టోరులో తలుపు నుంచి గల్లాపెట్టె దాకా రావడానికి అంత సేపు అక్కర్లేదు. అందుకే ఛాతీ పైభాగానికి గురిపెట్టి, ప్రమాదం తప్పేదాకా ఆగకూడదు, తప్పిన మరుక్షణం ఆపెయ్యాలి అని నేర్పారు. చంపడం ఉద్దేశం కాకూడదు, ఆపడమే ఉద్దేశం కావాలి. టెక్సస్ చట్టం ఒప్పుకునేది కూడా, ఆ క్షణంలో అది తప్పనిసరి అని సహేతుకంగా నమ్మినప్పుడే.

ఆవిడ 1986 ఏప్రిల్ 11న మయామీలో జరిగింది చెప్పారు. ఎనిమిదిమంది ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు బ్యాంకు దొంగల్ని అటకాయించారు. మైఖేల్ ప్లాట్ అనేవాడికి కాల్పుల మొదట్లోనే 9 ఎంఎం తూటా కుడిచేతిలోంచి దూసుకెళ్ళి ఛాతీలో దిగింది, గుండెకి ఇంకో అంగుళం దూరంలో ఆగిపోయింది. ప్రాణం పోయే గాయమే. అయినా వాడు తర్వాత కూడా కాల్పులు ఆపలేదు. ఇద్దరు ఏజెంట్లు చనిపోయారు, అయిదుగురు గాయపడ్డారు. దాని తర్వాతే ఎఫ్‌బీఐ తూటాలని మనిషి కండ లాంటి జెలటిన్ దిమ్మల్లోకి కాల్చి చూసి, కనీసం 12 అంగుళాలు దిగాలి, 18 దాటకూడదు అనే కొలత పెట్టుకుంది. దారిలో చెయ్యి అడ్డమొచ్చినా లోపలి దాకా చేరాలి కాబట్టి ఆ 12. ముందు 10 ఎంఎంకి, తర్వాత పాయింట్ 40కి మారినవాళ్ళే, తూటాల తయారీ మెరుగుపడ్డాక మళ్ళీ 9 ఎంఎంకి వచ్చారు. వెనక్కి తన్నడం తక్కువ, గురి బాగా కుదురుతుంది, మ్యాగజైన్‌లో (పిస్టల్‌లో తూటాలు నింపే పెట్టె) ఎక్కువ పడతాయి.

ఇంటికొచ్చి ఆ షాపువాడు చెప్పిన సైన్యం కథ కూడా వెతికాను. 1904లో థాంప్సన్, లాగార్డ్ అనే ఇద్దరు అధికారులు షికాగో కబేళాల్లో పశువుల మీదా, విడిగా శవాల మీదా కాల్చి చూశారు. పాయింట్ 45కి తక్కువ ఉండకూడదని రాసిన మాట నిజమే. అదే నివేదికలో ఇంకోటి కూడా రాశారు: మనిషి ఒంట్లో చాలా భాగాల్లో తూటా తగిలినా వెంటనే ఆగే ఆశ లేదు, కాబట్టి సైనికులకి గురి మీద ఎడతెగని సాధన చేయించాలి అని. కౌంటరు దగ్గర మొదటి సగమే చెప్పారు నాకు. రెండో సగం చెబితే అమ్మేదేముంటుంది? శిక్షణ పొందిన పోలీసులకే గురి కుదరదు. న్యూయార్క్ పోలీసుల మీద 2008లో రాండ్ అనే పరిశోధనా సంస్థ చేసిన అధ్యయనంలో, ఎదురుకాల్పుల్లో తగిలినవి సగటున 18 శాతమే. అలాంటప్పుడు అరకిలో లేని రివాల్వర్‌ని, అయిదు తూటాలతో, ఎప్పుడూ తుపాకీ పట్టని ఆడమనిషి చేతిలో పెట్టడం అన్యాయం కాదా?

క్లాసు చెప్పిన ఆవిడ నన్ను రేంజిలో (తుపాకీ కాల్చడం సాధన చేసే చోటు) మూడు తుపాకీలు అద్దెకి తీసుకోమన్నారు. ఆ బుల్లి రివాల్వర్ లాంటిదే మొదట కాల్చాను. తేలికగా ఉంటుంది కాబట్టి వెనక్కి తన్నే దెబ్బంతా చేతికే తగులుతుంది, రోకలితో అరచేతిలో పొడిచినట్టుంది. కాగితం మీద తూటాలు తలో దిక్కుకీ పోయాయి. పాయింట్ 45 షాపువాడు భయపెట్టినంత లేదు, కాల్చగలిగాను, కానీ రెండోది గురిచూసుకునేసరికి ఆలస్యమవుతోంది. తర్వాత గ్లాక్ 19 అనే పిస్టల్ ఇచ్చారు. 9 ఎంఎం, మ్యాగజైన్‌లో 15. ఏడు గజాల నుంచి వరసగా కాల్చినవన్నీ నా అరచెయ్యి పట్టేంత జాగాలో పడ్డాయి. ఆవిడ కాగితం ముందుకి లాగి చూపించి, "నీ స్టాపింగ్ పవర్ ఇదీ" అన్నారు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

అక్కడే, ఆ రేంజి వాళ్ళ దగ్గరే కొన్నాను. కొనేవాళ్ళు ఫారం 4473 అనే ఫెడరల్ కాగితం నింపాలి, గ్రీన్ కార్డు వాళ్ళు ఏలియన్ నంబరు రాయాలి. ఎఫ్‌బీఐ నుంచి 'డిలేడ్' అని వచ్చింది. కారణం చెప్పరు. మన పొడుగాటి ఇంటిపేర్లతో పోలికలు వచ్చి ఆగుతాయని అక్కడివాళ్ళు చెప్పారు. కంగారు పడకండి, డిలేడ్ అంటే తిరస్కరించినట్టు కాదు. కొన్నాళ్ళకి 'ప్రొసీడ్', అంటే అమ్మొచ్చు అని వచ్చింది.

లైసెన్సు కోసం పెట్టే గురి పరీక్ష గురించి ఒక్క మాట చాలు. 3 గజాల నుంచి 20, 7 గజాల నుంచి 20, 15 గజాల నుంచి 10, మొత్తం 50 తూటాలు. 250కి 175 వస్తే పాసు. నాకు దానికన్నా చాలా ఎక్కువొచ్చింది, ఆ రోజు మా బ్యాచ్‌లో మగవాళ్ళందరికంటే ఎక్కువ. ఆ కాగితం ఫ్రేము కట్టించాను.

మా అత్తయ్యగారు ఫోనులో అడిగారు: "కాలి మీద కాల్చితే సరిపోదుటమ్మా? పాపం చావకుండా పోతాడు." ఆవిడ మనసు మంచిది. కానీ కాలు సన్నగా ఉంటుంది, కదులుతూ ఉంటుంది, తప్పిన తూటా ఎటు పోతుందో తెలీదు. తొడలో పెద్ద ధమని తెగితే కొన్ని నిమిషాల్లో ప్రాణం పోతుంది. కోర్టులో కూడా కాలి మీద కాల్చినా ప్రాణాంతక బలమే. కాల్చక తప్పనంత అవసరం లేకపోతే అసలు కాల్చనే కూడదు.

తూటాల విషయంలో గట్టిగా చెబుతున్నాను: సాధనకి మామూలువి చాలు, స్టోరులోకి మాత్రం హాలో పాయింట్ పెట్టుకోండి. మొన బోలుగా ఉండి లోపల విచ్చుకుంటుంది, అవతలి వైపు నుంచి దూసుకుపోయే అవకాశం తగ్గుతుంది. ఇలా విచ్చుకునే తూటాల్లో పేరుపడ్డ ఒక రకం 1890లలో మన కలకత్తా దగ్గర డమ్‌డమ్ ఆయుధ కర్మాగారంలో తయారయింది, 1899 హేగ్ ఒప్పందం యుద్ధంలో ఇలాంటివాటిని నిషేధించింది. మన స్టోరులో గోడంటే జిప్సమ్ బోర్డే. తప్పిన తూటా ఏదైనా దాన్ని దాటిపోతుంది, అవతల పక్కషాపు పిల్లలుంటారు. అందుకే మళ్ళీ గురి దగ్గరికే రావాలి.

ఇంకొకటి, మన ఇళ్ళల్లో చూసి మండిపోయే విషయం. పార్టీకి వెళితే హ్యాండ్‌బ్యాగులో, పరుపు కింద, పూజగది అలమరలో కూడా లోడు చేసిన తుపాకీలు. పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు. 17 ఏళ్ళ లోపు పిల్లలకి అందేలా ఉంచి, అది వాళ్ళ చేతికి చిక్కితే టెక్సస్‌లో నేరం, నేరం సంగతి అటుంచండి, బిడ్డ పోతే ఎవరు తెచ్చిస్తారు? వేలిముద్రతో తెరుచుకునే చిన్న పెట్టె తుపాకీ కన్నా చవకే దొరుకుతుంది. అది కొనలేనివాళ్ళు తుపాకీ కొనకండి.

షాపుకి వెళ్ళేటప్పుడు భర్తని తీసుకెళ్ళకండి అని నా సలహా. ఎంత మంచివాడైనా సరే, వాళ్ళు ఆయనతోనే మాట్లాడతారు. ముందు రేంజికి వెళ్ళి కాల్చి చూసి, మీ చెయ్యి ఏది కావాలంటే అదే కొనండి. మా ఆడపడుచు కార్డు చూసి, "వదినా, నాకూ నేర్పించవా" అంది. శనివారం తనని నాకు నేర్పిన ఆవిడ క్లాసులో చేర్పించడానికి తీసుకెళుతున్నాను. ఊరికి అటు చివర, గంట ప్రయాణం. ఇంటి పక్కనున్న ఆ షాపు గుమ్మం మాత్రం తొక్కేది లేదు.