చందమామ తప్పిపోయిన రంజాన్

2025 రంజాన్ నాటికి మా పెద్దోడికి ఐదేళ్లు, చిన్నదానికి మూడు. ఇంట్లో పెద్దవాళ్లం రోజా (ఉపవాసం) ఉండి పగలంతా ఎందుకు తినమో చెప్పాల్సి వచ్చింది. చిన్నప్పుడు నాకు చెప్పిందే చెప్పాను: పేదవాళ్ల ఆకలి మనకి తెలియాలని. "మరి పేదవాళ్లు కూడా రోజా ఉంటారా? వాళ్లకి తెలుసు కదా?" అన్నాడు. నేను బియ్యం కడగడానికి లేచిపోయాను.

ఆ రాత్రి హిరా గుహ కథ ఎత్తుకున్నాను. ముహమ్మద్ ప్రవక్త (స) అక్కడ ఒంటరిగా కూర్చునేవారని, ఖురాన్ మొదటి మాటలు అక్కడే వచ్చాయని.

"గుహలో పులి ఉందా?"

"లేదు నాన్నా."

"పెడదాం అమ్మీ!"

అక్కడ ఆపేశాను. ఆ కథలో మనం పులిని పెట్టలేం. వీళ్లేమో ఊ కొట్టి ఊరుకునే రకం కాదు, కథలో చెయ్యి పెట్టాల్సిందే. అందుకే రెండూ వేరు చేశాను. హిరా గుహ, బద్ర్ యుద్ధం లాంటివి ఉన్నవి ఉన్నట్టు, నాలుగు మాటల్లో. వాళ్లు ఇష్టమొచ్చినట్టు మార్చుకోవడానికి చందమామ కథ.

మార్చి 1న డాబా మీద నెలవంక చూశాం. దగ్గర్లోనే శుక్రుడు మెరుస్తున్నాడు. "అది చందమామ చెల్లి" అంది చిన్నది. కథ అక్కడ మొదలైంది. రోజూ సాయంత్రం ఇఫ్తార్ (రోజా విడవడం) అయ్యాక డాబా ఎక్కడం, ఇవాళ చందమామ ఏ ఇంట్లోకి తొంగి చూశాడో వాళ్లే చెప్పడం. ఒకరోజు ఖర్జూరం దాచేసిన పిల్లాడి ఇల్లు, ఇంకోరోజు పక్కింటికి సమోసాలు పట్టుకెళ్లిన దాదీ ఇల్లు. గోడకి ముప్పై సున్నాలు గీసిన అట్ట తగిలించాను. రోజుకొకటి చందమామ ఎంత ఉంటే అంత రంగు వేయాలి.

పున్నమి దాకా బ్రహ్మాండం. తర్వాతే వచ్చింది చిక్కు, నేను ఆలోచించనే లేదు. ఇఫ్తార్ సైరన్ మోగింది, డాబా ఎక్కాం, ఆకాశం ఖాళీ! రోజురోజుకీ ఆలస్యంగా ఉదయిస్తాడు కదా, పిల్లలు నిద్రపోయాక వస్తున్నాడు. "తప్పిపోయాడు" అని చిన్నది ఒకటే ఏడుపు. రెండు రోజులు ఏవో కబుర్లు చెప్పి నెట్టుకొచ్చాను.

చివరికి పెద్దోడే తేల్చాడు. "మీరు లేచేటప్పుడు ఉంటాడేమో?"

24వ రోజా సహరీకి (తెల్లారకముందు తినే భోజనానికి) ఇద్దరినీ లేపాను. మా అత్తగారు "పసివాళ్లని ఎందుకమ్మా ఇంత పొద్దున్నే" అని విసుక్కున్నారు. డాబా మీద తూర్పున సన్నగా ఉన్నాడు. పెద్దోడు అరిచాడు: "సహరీకి వచ్చాడు!" కిందికొచ్చి పెరుగన్నం తిని, మధ్యాహ్నం దాకా నేనూ రోజా అన్నాడు. పదకొండింటికే బిస్కెట్ తిన్నాడు. నేనేమీ అనలేదు.

ఫిత్రా (పండగకి ఇంట్లో ఒక్కొక్కరి పేరునా పేదవాళ్లకి ఇచ్చే దానం) కోసం తలకి రెండున్నర కిలోల లెక్కన బియ్యం కొలుస్తుంటే, తన వంతు తనే డబ్బాతో పోశాడు. రోజా లేకపోయినా తన పేరునా ఇస్తారని తెలిసి కాస్త పొంగిపోయాడు.

మార్చి 30 సాయంత్రం నెలవంక కనిపించింది. ఇరవై తొమ్మిది రోజాలే. అట్ట మీద ఒక సున్నా మిగిలిపోయింది. నేను చింపేద్దామనుకునేలోపు చిన్నది అందులో పులిని గీసింది.